బుగ్గలో పడవ

అబ్బా, పన్ను. కుడివైపు కింది దవడలో, డాక్టరు తొడుగు వేసిన పన్నుకే తగలాలా, నోట్లో ఇంకో పన్నే లేనట్టు. లుడోవిక్ నమలడం ఆపేశాడు. నోటినిండా బాదం ముద్ద, వెన్న పొరలు, వాటి మధ్య గట్టిగా, నున్నగా ఏదో ఉంది. రాయి కాదు. బాదం పెంకూ కాదు. నాలుక దాని చుట్టూ ఒక్కసారి తిరిగొచ్చింది. ఒక పక్క చదును, ఒక పక్క వంపు, కొసన చిన్న మొన. పడవ. ఓరి నాయనో, పడవే. ఏటా జనవరి మొదటి ఆదివారం, రాజుల పండక్కి కోసే గలెత్ రొట్టెలో ఓడెట్ దాచే వేలిగోరంత పింగాణీ పడవ. అందరూ దాన్ని గింజ అనే అంటారు, వెనకటి రోజుల్లో నిజంగానే చిక్కుడు గింజ దాచేవాళ్ళు కనుక. ఈ ఇంట్లో మాత్రం గింజ అంటే ఎప్పుడూ ఈ పడవే. లిమోజ్ పింగాణీ కార్ఖానాలో పనిచేసే రోజుల్లో, కొడుకు పుట్టిన ఏడు, ఓడెట్ తన చేత్తో దానికి నీలం గీత గీసి కాల్చి తెచ్చుకుంది. ఆ కొడుకు పేరు రెమీ. రెమీ పోయి మూడేళ్ళు దాటింది. లుడోవిక్‌తో రెండేళ్ళుగా ఉంటూ, ఇప్పుడు పక్కన కూర్చుని ఆపిల్ సీడర్ తాగుతున్న మురియెల్ ఆ రెమీ భార్య, ఎదురుగా కూర్చున్న ఇద్దరూ రెమీ పిల్లలు, ఈ బల్ల రెమీ వాళ్ళమ్మది, గోడ మీద ఫోటోలో గాలం పట్టుకుని నవ్వుతున్నదీ రెమీయే. పడవ మాత్రం లుడోవిక్ బుగ్గలో ఉంది.

దొరికింది అని అరవాలి. అరిస్తే బంగారు కాగితం కిరీటం తెచ్చి తల మీద పెడతారు, అందరూ గ్లాసులెత్తి రాజు తాగుతున్నాడు, రాజు తాగుతున్నాడు అని గోల చేస్తారు, ఆ తరవాత అసలు సంగతి. ఈ వేసవికి ఏ సముద్రం? ఈ కుటుంబానికి ముప్పై ఏళ్ళ నాటి కట్టడి అది. గింజ ఎవరికొస్తే సముద్రం వాళ్ళు చెప్పాలి. ఎదురు మాట లేదు, గొణుగుడు లేదు, అక్కడికా అని మూతి విరవడం కూడా లేదు. లిమోజ్ నుంచి ఏ ఒడ్డుకి పోవాలన్నా కారులో గంటల కొద్దీ ప్రయాణమే కదా, అన్నీ దూరమే అయినప్పుడు ఏదైతేనేం అని ఓడెట్ భర్త బతికున్న రోజుల్లో మొదలెట్టాడట. మురియెల్‌కి గింజ వచ్చిన ఏడు దక్షిణాన కొలియూర్ వెళ్ళారు, వేడికి ఒళ్ళంతా పేలిపోయింది. ఓడెట్‌కి వచ్చిన ఏడు బ్రిటనీ. రెమీకి వచ్చినప్పుడల్లా ఒలెరోన్ దీవి. రెమీకే ఎక్కువసార్లు వచ్చేదట, వాడిది గింజ అదృష్టం అని నవ్వుకునేవాళ్ళట. ఇవన్నీ లుడోవిక్ విని తెలుసుకున్నవే. ఈ ఇంట్లో ఏ ముచ్చట మొదలైనా అతను లేని చోటే మొదలవుతుంది. అందరూ సగంలో నవ్వడం మొదలెడతారు, అతను ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు.

అరుద్దామనే నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే కళ్ళు ఆరో పళ్ళెం మీద పడ్డాయి. మనుషులు అయిదుగురు, ముక్కలు ఆరు. ఆరోది రాని మనిషి ముక్క. ఎప్పుడైనా ఎవరైనా పేదవాడు తలుపు తడితే పెట్టడానికని వెనకటి నుంచీ తీసిపెట్టే ముక్క అది. ఓడెట్ తలుపు ఏ పేదవాడూ తట్టినట్టు లేదు, మర్నాడు పొద్దున్న కాఫీతో ఆవిడే తినేది. రెమీ పోయాక దాన్ని పేదవాడి ముక్క అనడం మానేశారు. ఎవరూ ఏ పేరూ పెట్టలేదు గానీ కిటికీ పక్క కుర్చీ ముందు పళ్ళెం పెట్టి అందులో ఉంచుతారు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అందుకే లుడోవిక్‌కి వంటింట్లోంచి తెచ్చిన స్టూలు వేస్తారు. అది ఎత్తు. మోకాళ్ళు బల్లకి కొట్టుకుంటాయి. అందరి తలల పైనుంచి చూస్తూ, తను నడిపే ట్రాలీబస్సు సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. వెనకాల అంతా మాట్లాడుకుంటూ ఉంటారు, డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసి ఉంటుంది కదా, అలా.

“ఏంటి, ఎవరికీ తగల్లేదా?” అంది ఓడెట్. “అందరూ మూగనోము పట్టారేం?”

“నాకు లేదు.” మురియెల్ తన పళ్ళెంలో పొడి కూడా వేలితో అద్ది చూపించింది.

“బస్తియెన్ దాచాడు నానమ్మా! వీడు దొంగ! వీడి మొహం చూడు!” అంది అపోలిన్. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇంట్లో చిన్నది కనుక ముక్కలు పంచేటప్పుడు బల్ల కింద దూరి, ఇది ఎవరికి అని పైనుంచి నానమ్మ అడిగినప్పుడల్లా ఒక పేరు అరిచింది ఇదే. జుట్టుకి ఇంకా తివాచీ దారాలు అంటుకుని ఉన్నాయి.

“నోర్ముయ్యవే బుడంకాయా. నా దగ్గరుంటే నీ మొహం మీద ఉమ్మేవాణ్ణి.”

“ఛీ, బస్తియెన్!”

“లుడో, నీకు?” అంది అపోలిన్.

అతను తల అడ్డంగా ఊపాడు. అంతే. నోటితో ఒక్క ముక్క అనలేదు, తలకాయే ఆ పని చేసేసింది. ఊపాక తెలిసింది తను ఏం చేశాడో. పడవని నాలుకతో చెంపకీ చిగురుకీ మధ్యకి తోసి, మిగిలిన బాదం ముద్దని మెల్లగా మింగాడు. కక్కలేక మింగలేక అంటారే, ఇదేనన్నమాట, పుస్తకంలో బొమ్మేసి చూపించినట్టు. ఎందుకు ఊపాను? ఒక్క నిమిషం ఆగుదామని. ముందు మాట సిద్ధం చేసుకుందామని. మాట సిద్ధంగానే ఉంది కదరా, డిసెంబరు నెలంతా బస్సు తోలుతూ సిద్ధం చేసుకున్నావు కదా. గింజ నాకే వస్తే, అని. ఆరింట్లో ఒకటి, రాకూడదనేం లేదు. స్టేషను ముందు ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా పెదాలు కదిపి చూసుకున్నాడు. మనం బెర్క్ వెళ్దాం. కాదు, మరీ ఆజ్ఞలా ఉంది. బెర్క్ అని ఒక ఊరుంది, ఉత్తరాన. నేను చిన్నప్పుడు. ఆ చిన్నప్పుడు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పచ్చ దీపం వెలిగేది, వెనక కారువాడు హారను కొట్టేవాడు.

బెర్క్‌లో ఏముంది? ఏమీ లేదు. గాలి ఉంది. ఆటు సమయంలో సముద్రం ఎంత దూరం పోతుందంటే స్నానానికని బయల్దేరినవాడు నీళ్ళు చేరేసరికి ఆరిపోతాడు అనేవాడు నాన్న. నాన్న రూబేలో నూలు మిల్లు కూలీ. ఆగస్టులో మిల్లు మూసిన రోజుల్లో బాబాయి దగ్గర అడిగి తెచ్చుకున్న కారవాను, కారు వెనక తగిలించుకునే ఇల్లులాంటి బండి. గాలికి అడ్డంగా ఇసుకలో కర్రలు పాతి చారల గుడ్డ కట్టేవాళ్ళు, ఆ గుడ్డ వెనక నలుగురూ ఒకళ్ళకొకళ్ళు అతుక్కుని కూర్చునేవాళ్ళు, అమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ వంచేది, కాఫీలో ఇసుక, రొట్టెలో ఇసుక, రాత్రి దుప్పట్లో ఇసుక. చలికి పళ్ళు టకటకలాడేవి. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, కాళ్ళకి మాత్రం చెప్పుల్లేకుండా. అంత హాయి మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నది వచ్చి సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నె మీద సీల్ జంతువులు పడుకుని ఉండేవి, గోనె బస్తాలు దొర్లించినట్టు. ఒక్కోటి తలెత్తి చూసేది. దాని చూపు అచ్చం పక్కింటి ముసలాయన చూపులా ఉందని అమ్మ ఒకసారి నవ్వి నవ్వి, కాఫీ పొలమారింది. అమ్మ లేదు. నాన్న లేడు. కారవాను ఏమైందో తెలీదు. అన్న ఉన్నాడు గానీ, రూబే ఇల్లు అమ్మినప్పటి నుంచి మాటల్లేవు. ఆ గుడ్డ వెనక కూర్చున్నవాళ్ళలో ఆ చలిని గుర్తుపెట్టుకుని, అవునురా అని అనగలిగేవాడు ఇక ఎవడూ లేడు. అందుకే అక్కడికి ఎవరినైనా తీసుకెళ్ళాలి. కనీసం ఒక్కసారి. ఇంకొక నలుగురికి ఆ ఇసుక పళ్ళ కింద కరకరలాడాలి. అప్పుడది నిజంగా జరిగినట్టు అవుతుంది. ఈ కోరిక మురియెల్‌తో కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ, సరే వెళ్దాం అంటుంది, జాలిగా. జాలి వద్దు. గింజ కావాలి.

“లుడోవిక్, మీకు ఇంకొంచెం సీడర్?” అంది ఓడెట్.

“ఊఁ,” అన్నాడు. నోరు తెరవకుండా అనగలిగిన మాట అదొక్కటే.

ఆవిడ పోస్తూ అతని మొహంలోకి చూసింది. చిన్న కళ్ళు, నలభై ఏళ్ళు సన్నటి కుంచె కొస మీద నిలిపిన కళ్ళు. కనిపెట్టేసిందా? దొంగని పట్టుకున్నట్టు చూస్తోందేం? ఈవిడ తనని ఎప్పుడూ ఇలాగే చూస్తుంది, సీసా మీద కాగితం చదివినట్టు. మీరు అంటుంది. మురియెల్‌ని నువ్వు అంటుంది, వీధి చివర రొట్టెల కొట్టువాణ్ణి నువ్వు అంటుంది, తనని మాత్రం మీరు. తప్పేముంది. కొడుకు కుర్చీ పక్కన స్టూలేసుకుని కూర్చున్న మనిషిని ఇంకేమంటుంది. అసలు ఇంటికి పిలవడమే గొప్ప. ఇంకొకళ్ళయితే గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

“అయితే నాన్నకొచ్చిందేమో!” అంది అపోలిన్ ఉన్నట్టుండి, ఆరో పళ్ళెం వైపు వేలు చూపిస్తూ.

బస్తియెన్ తలెత్తాడు. పదిహేనేళ్ళ కుర్రాడు, పొద్దున్న వచ్చినప్పటి నుంచీ పళ్ళెంలోకి తప్ప ఎటూ చూడనివాడు, ఆ ముక్క వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

“నాన్నకొస్తే నాన్న మాటే కదా నానమ్మా?” అన్నాడు. గొంతు మధ్యలో బొంగురుపోయి, మళ్ళీ సన్నబడింది. “కట్టడి కట్టడే కదా?”

ఓడెట్ మళ్ళీ లుడోవిక్ వైపే చూసింది. “కట్టడి కట్టడే,” అంది నిదానంగా. “అందుకని అందరూ ఇంకోసారి నోళ్ళు వెతుక్కోండి. బుగ్గల్లో, పళ్ళ సందుల్లో. తొందరేం లేదు. కాఫీ తాగేటప్పుడు కోద్దాం ఆ ముక్క. కాఫీ దాకా టైముంది.”

కాఫీ దాకా టైముంది. అంటే ఆవిడకి తెలిసిపోయింది, పరువుగా బయటపెట్టమంటోంది. లేదా ఏమీ తెలీదు, ముసలావిడ మాట ముసలావిడ మాటే. కిటికీలోంచి జనవరి వెలుతురు అప్పుడే బూడిద రంగుకి తిరుగుతోంది. చెప్పెయ్ రా. ఇప్పుడే. అరె, ఇదిగో, పంటికింద ఇరుక్కుంది, చూసుకోనే లేదు అని నవ్వెయ్. రాజు తాగుతున్నాడు. బెర్క్. ఆ తరవాత? ఆ తరవాత బస్తియెన్ మొహం మళ్ళీ పళ్ళెంలోకి వంగుతుంది. ఆగస్టులో ఆ గాలిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చారల గుడ్డకి అవతల, గాలిలోనే, పంతానికి కూర్చుంటాడు. చలేస్తే తప్పు తనది. వానొస్తే తప్పు తనది. ఇసుక తగిలిన ప్రతి రొట్టె ముక్కా తను పెట్టినదే. సముద్రం అంత దూరం పోవడం కూడా తన తప్పే. అపోలిన్ రెండు రోజులు సరదాపడి మూడో రోజు ఇంటికెప్పుడు అంటుంది. మురియెల్ అందరి మొహాలూ చూస్తూ, బాగుంది కదా, బాగుంది కదా అంటూ తిరుగుతుంది. తన చిన్నతనం ఎదురుగా నిలబెట్టి, ఇదా, ఇంతేనా అనిపించుకోవడం. అది తట్టుకోగలడా? గింజ నోట్లో ఉన్నంతసేపూ బెర్క్ బాగానే ఉంటుంది.

ఒలెరోన్ అయితే తెలిసిన బాధ. పోయిన వేసవిలో చూశాడు కదా. అంతకుముందు ఏడు బస్తియెన్‌కి గింజ, పోయినేడు అపోలిన్‌కి, ఇద్దరూ ఒలెరోనే అన్నారు, ఇంకేమంటారు. నీలం తలుపుల ఇల్లు, ఏళ్ళ తరబడి అద్దెకి తీసుకునేదే, అక్కడి సామానులో సగం వీళ్ళదే. గుమ్మం పక్క మేకుకి రబ్బరు బూట్లు వేలాడుతుంటాయి. ఆటు వచ్చినప్పుడు రాళ్ళ మధ్య గుల్లలు ఏరడానికి రెమీ వేసుకునేవి. మొదటి రోజు మురియెల్, నువ్వు వేసుకో, ఫరవాలేదు అంది. వేసుకున్నాడు. రెండు నంబర్లు పెద్దవి. నీళ్ళలోకి నాలుగడుగులు వేశాడో లేదో నాచు మీద జారి, బూట్ల నిండా నీళ్ళు నింపుకుని కూలబడ్డాడు. ముందు నడుస్తున్న బస్తియెన్ వెనక్కి తిరిగి చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చూసి, మళ్ళీ ముందుకి నడిచాడు, నాన్న ఇనప కొంకీ భుజాన వేసుకుని. సైకిలు కూడా రెమీదే, సీటు దించుదామంటే మర తుప్పు పట్టి కదల్లేదు, మునివేళ్ళ మీద ఆగుతూ ఊరంతా తిరిగాడు. సంతలో ఆల్చిప్పలమ్మే ఆవిడ, బస్తియెన్‌ని గుర్తుపట్టి కౌగలించుకుని, తన వైపు తిరిగి, మీరు రెమీకి ఏమవుతారు అంది. ఏమవుతాడు? ఆ ప్రశ్నకి ఏ భాషలో మాత్రం మాటుంది. అమ్మ ఫ్రెండు అన్నాడు బస్తియెన్. ఆవిడ నిమ్మకాయ ఊరికే ఇచ్చింది.

ఆ సెలవుల్లో తనదంటూ ఉన్నది ఒకటే మధ్యాహ్నం. అపోలిన్ కాలికి జెల్లీ చేప తగిలి ఒకటే ఏడుపు. మురియెల్ మందుల కొట్టుకి వెళ్ళింది. నానమ్మ గదిలో పిల్లని పడుకోబెట్టి, చల్లటి గుడ్డ వేస్తూ, ఏం చెప్పాలో తెలీక సీల్ జంతువుల గురించి చెప్పాడు. గోనె బస్తాల గురించి, ముసలాయన చూపు గురించి. పక్క మంచం మీద ఓడెట్ కునుకు తీస్తోంది, అందుకని గుసగుసగానే చెప్పాడు. అవి మొరుగుతాయా అంది పిల్ల, ఏడుపు ఆపి. మొరుగుతాయి, జలుబు చేసిన కుక్కల్లాగ. అక్కడ చలా? ఎంత చలంటే ఎండాకాలంలో స్వెట్టరు. అబద్ధం అంది. ఒట్టు అన్నాడు. పిల్ల నిద్రపోయింది. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పిల్లలకి ఎన్ని కథలు గుర్తుంటాయి గనక.

“బస్తియెన్, కప్పులు దించు. పాపా, నువ్వు చెంచాలు. మురియెల్, పై అరలో చక్కెర డబ్బా నాకు అందదమ్మా, కాస్త రా.” ఓడెట్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. లేస్తూ లేస్తూ, “లుడోవిక్, మీరు కూర్చోండి, మీకు పనేం లేదు,” అంది.

గదిలో తనొక్కడే మిగిలాడు. తనూ, ఫోటోలో రెమీ, పళ్ళెంలో ముక్క. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, అపోలిన్ ఏదో పాట. రెమీ మొహం మంచి మొహమే, పాపం. ఎక్కడైనా కలిసుంటే స్నేహితులయ్యేవాళ్ళేమో. ఏం చేద్దామంటావు, నువ్వే చెప్పు. నీ పడవ నా బుగ్గలో ఉంది. నా వేసవి నీ పళ్ళెంలో ఉంది. లుడోవిక్ లేచాడు. మోకాలు బల్లకి కొట్టుకుంది, అలవాటైన దెబ్బే. దీన్ని త్యాగం అనుకోకు, అనుకున్నాడు తనతోనే, పెద్ద మాటలొద్దు. ఇది భయం. నా ఊరు వాళ్ళకి నచ్చదేమోనని భయం. ఆ కుర్రాడు ఇందాక తలెత్తాడు చూడు, ఆ తల మళ్ళీ నా మూలాన వంగకూడదు, అది కూడా భయమే. కానీ భయం కిందెక్కడో ఇంకోటి ఉంది, దానికి పేరు పెట్టడం ఇష్టం లేదు. వీళ్ళకి తను ఒకటి ఇవ్వాలి. ఏదైనా. ఇచ్చింది తనే అని వాళ్ళకి తెలియకపోయినా సరే. అరచేతిలోకి ఉమ్మాడు. తెల్లగా, తళతళలాడుతూ, నీలం గీతతో వచ్చి పడింది. ఎంత చిన్నది. ఇంతసేపూ నోట్లో ఇంత పెద్దగా ఎలా ఉంది? ముక్క పక్కవాటున బొటనవేలితో బాదం ముద్దలోకి తోశాడు. పై పొర చిట్లింది. రాలిన పొడిని ఊదేశాడు, చిట్లిన చోట వేలితో అద్దాడు, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నాలుక ఖాళీ అయిన బుగ్గలోకి వెళ్ళి వెతుక్కుంటోంది, పన్ను ఊడిన చోటికి వెళ్ళినట్టే. చేతికి అంటిన బాదం ముద్దని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

కాఫీ వచ్చింది. ఓడెట్ ఆఖరిసారి అందరి మొహాలూ చూసింది. లుడోవిక్ వంతు వచ్చేసరికి ఆవిడ చూపు కొంచెం ఎక్కువసేపు ఆగింది, అతను చక్కెర కలుపుకుంటూ కప్పులోకి చూశాడు. తనకి చక్కెర అలవాటు లేదు. సరే అయితే అని ఆవిడ ముక్కని మధ్యకి కోసింది. కత్తి టక్కుమంది.

“నాన్నకే!” అపోలిన్ కుర్చీ ఎక్కేసింది. “నాన్నకే! నాన్నకే వచ్చింది!”

బస్తియెన్ లేచి, కిరీటం తీసుకుని, వెళ్ళి కిటికీ పక్క కుర్చీ వీపుకి తగిలించాడు. అది ఒక పక్కకి జారితే సరిచేశాడు. అప్పుడు నవ్వాడు. లుడోవిక్ ఆ నవ్వు ఇప్పటిదాకా చూడలేదు. ఫోటోలో మనిషి నవ్వే అది. మురియెల్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసి, లేచి వెళ్ళి కొడుకుని పట్టుకుంది. ఆవిడ కూర్చున్న చోట నేప్‌కిన్ కింద పడింది, లుడోవిక్ వంగి తీసి పెట్టాడు. అంతా బాగా జరిగింది. తను అనుకున్నదానికంటే బాగా జరిగింది. ఇంత బాగా జరిగితే ఇంత ఒంటరిగా ఉంటుందని మాత్రం తెలీదు. నిండు బస్సుని చివరి స్టాపు దాకా తీసుకెళ్ళి, అందరూ నవ్వుకుంటూ దిగిపోయాక అద్దంలో ఖాళీ సీట్లు చూసుకున్నట్టుంది.

“ఇదేంటి,” అంది అపోలిన్ పడవని వెలుతురుకి పట్టి. “దీనికి బాదం ముద్దే అంటలేదు. కడిగినట్టుంది. నానమ్మా, వెచ్చగా కూడా ఉంది!”

లుడోవిక్ చేతిలో చెంచా ఆగిపోయింది.

“పింగాణీకి ఏదీ అంటదు తల్లీ,” అంది ఓడెట్ వెంటనే. “జీవితమంతా అదే పని చేశాను, నాకు తెలీదూ? ఇటివ్వు, పోగొడతావు.” తీసుకుని ఆప్రాన్ జేబులో వేసుకుంది. “లుడోవిక్, ఈ కెటిల్ బరువు, కాస్త వంటింట్లోకి పట్టుకొస్తారా?”

కెటిల్ ఏమంత బరువు లేదు. ఓడెట్ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. కొళాయి తిప్పి, పడవని నీళ్ళ కింద పెట్టి బొటనవేలితో రుద్దుతూ, అతని వైపు చూడకుండా అంది. “ఏం మనిషివయ్యా నువ్వు.”

రెండేళ్ళలో మొదటిసారి నువ్వు అంది. తిట్టడానికేమో అనుకున్నాడు.

“ఓడెట్, నేను...”

“కత్తికి తగిలితే చేతికి తెలుస్తుంది. ఇది ఎవరికి అని అడుగుతాను, బల్ల కింద నుంచి పేరొస్తుంది, పేరొచ్చాక ఏ ముక్క తీయాలో నా ఇష్టం. మీరంతా పిల్ల కేకలు వింటారు గానీ నా చెయ్యి ఎవరు చూస్తారు. ముప్పై ఏళ్ళుగా నాకు ఇవ్వాలనిపించినవాళ్ళకే ఇచ్చాను. మా వాడికి ఎక్కువ ఇచ్చాను, తల్లిని కదా. వాడు పోయాక పిల్లవాడికి ఇచ్చాను. పోయినేడు పిల్లకి.” కొళాయి కట్టేసింది. “ఈ ఏడు నీకిచ్చాను. నువ్వేమో దొంగతనం చేసి దొరికినవాడిలా మొహం పెట్టి తల అడ్డంగా ఊపావు. టైమిచ్చాను. గది ఖాళీ చేసి ఇచ్చాను, దాన్ని ఉమ్మి, చేత్తో పట్టుకుని పిలుస్తావేమోనని. తీసుకెళ్ళి వాడికే పెట్టావు.”

అతను చేతిలోని కెటిల్‌ని బల్ల మీద పెట్టాడు.

“నాకు ఆ బూట్లు చూడాలని లేదు,” అంది ఓడెట్. “ఇంకో వేసవి ఆ మేకుకి వేలాడుతుంటే చూడలేను. అక్కడ మురియెల్ సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంటుంది, నువ్వు గమనించావో లేదో. ఒలెరోన్ వద్దని పిల్లల దగ్గర మేమిద్దరం అనలేం. నువ్వయితే అనగలవు అనుకున్నాను. నీ ఊరు నువ్వు చెప్పుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రోజు నేను నిద్రపోలేదయ్యా. అవి మొరుగుతాయా అని అడిగింది కదా అది.”

బల్ల కింది సొరుగు లాగింది. లోపల ఊదారంగు ఉన్ని ఉండలు, రెండు సూదులు, సూదుల మీద సగం అల్లిన చిన్న స్వెట్టరు. వీపూ ముందూ అయిపోయాయి, ఒక చెయ్యి అయింది, రెండోది మోచేతి దాకా వచ్చింది. దాన్ని చేతిలో పెట్టుకుని, ఎత్తి, పొడుగు చూసింది.

“ఎండాకాలంలో స్వెట్టరు అన్నావుగా.”

“వెళ్ళి చెప్పేస్తాను,” అన్నాడు లుడోవిక్. “ఇప్పుడే చెప్పేస్తాను.”

“విను.”

తలుపు అవతల నుంచి బస్తియెన్ గొంతు వినిపిస్తోంది. గబగబా, పైకీ కిందికీ జారుతూ. నాన్న మొదటిసారి పీతని పట్టినప్పుడు అది ఎలా వేలు కరుచుకుందో, నాన్న ఎలా ఎగిరాడో, నాన్న ఏ తిట్టు తిట్టాడో, నువ్వు అప్పటికి పుట్టలేదే బుడంకాయా. అపోలిన్ కిలకిల నవ్వుతోంది, ఇంకోసారి ఎగిరి చూపించు అంటోంది. నేల దడదడలాడింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో వాడి నోట అన్ని మాటలు ఒక్కసారిగా వచ్చింది లేదు. ఇద్దరూ తలుపుకి ఇవతల, దొంగల్లా, ఊపిరి బిగబట్టి విన్నారు.

“వెళ్ళి చెప్తావా?” అంది ఓడెట్.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ స్వెట్టరుని మళ్ళీ సొరుగులో పెట్టింది. సూదులు గుచ్చుకోకుండా పక్కకి తిప్పింది. పడవని తుడిచి దాని పక్కనే పెట్టింది. “వచ్చే ఏటికి ఇది దానికి చాలదు,” అంది. “చేతులు పొట్టయిపోతాయి.” సొరుగు మూసి, వేడి కాఫీ నింపిన కెటిల్ అతని చేతిలో పెట్టింది. “పద. చల్లారిపోతుంది.”

అతను గదిలోకి వచ్చాడు. కిరీటం కుర్చీ మీద ఉంది, దీపం వెలిగించారు, మురియెల్ కళ్ళు తుడుచుకుని పిల్లల్ని చూసి నవ్వుతోంది. ఆవిడ వీపు కిటికీ వైపు ఉంది. లుడోవిక్ స్టూలు దగ్గరికి నడిచి, మోకాలు తగలకుండా జాగ్రత్తగా కూర్చున్నాడు. బస్తియెన్ మాట ఆపి అతని వైపు తిరిగాడు. మొహం ఇంకా ఎర్రగా, ఎగిరిన ఆయాసంతో ఉంది. ఏదో అడగాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించాడు.

“లుడో, ఒలెరోన్,” అన్నాడు. “నీకు సరేనా?”

అలా అడగకూడదు. కట్టడి ప్రకారం ఎవరూ ఎవరినీ అడగకూడదు, ఎదురు మాట లేదు కదా. ఈ ఇంట్లో ఏ వేసవి గురించీ తనని ఎవరూ ఏదీ అడగలేదు, ఇదే మొదటిసారి. లుడోవిక్ కెటిల్ బల్ల మీద పెట్టాడు. నాలుక మళ్ళీ బుగ్గలోకి వెళ్ళింది, అక్కడేమీ లేదు.

“సరే,” అన్నాడు.